డిగ్రీ, పీజీ ఒకే క్లాసులో: మూడో పాఠం, అసైన్‌మెంట్లు

పోయిన రెండు పాఠాల్లో కోర్సు హద్దులు గీసుకున్నాం, మొదటి రెండు వారాల్లో ఎవరికి ఎంత వచ్చో ఎలా కనుక్కోవాలో చూశాం. ఇక అసైన్‌మెంట్లు. ఉమ్మడి కోర్సు చాలావరకు ఇక్కడే దెబ్బతింటుంది.

నేను మొదటిసారి ఇలాంటి కోర్సు చెప్పినప్పుడు డిగ్రీ నాలుగో ఏడాది పిల్లల్ని ఐదు పేజీల రిపోర్టు, పీజీ వాళ్లని పదిహేను పేజీలు రాయమన్నాను. పీజీ వాళ్లు ఐదు పేజీల సరుకునే సాగదీసి తెచ్చారు. తప్పు నాదే, ఎక్కువ పని ఇచ్చాను తప్ప వేరే పని ఇవ్వలేదు.

వేరే పని అంటే ఏంటో మన గోదావరి అంకెలతోనే చూద్దాం. వరదలప్పుడు మనందరం టీవీలో చూసేవే: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, వాటికి సరిపడా వరద 10, 13, 17 లక్షల క్యూసెక్కులు.

డిగ్రీ వాళ్లకు ఒక సీజన్‌లో గంటగంటకీ నమోదైన నీటిమట్టాలిచ్చి గ్రాఫు గీయమనండి, ఏ హెచ్చరిక ఎప్పుడు దాటింది, మొదటిదానికీ రెండోదానికీ మధ్య లంక గ్రామాల వాళ్లకు ఎంత టైము దొరికింది అని అడగండి. ఇది తేలిక పనేం కాదు, చక్కగా చేస్తే మంచి పని.

పీజీ వాళ్లకూ అవే అంకెలు. కానీ కాస్త లెక్కేసి చూడండి. మొదటి హెచ్చరిక నుంచి రెండోదానికి రెండడుగులు, 3 లక్షల క్యూసెక్కులు, అంటే అడుగుకి లక్షన్నర. అక్కడి నుంచి మూడోదానికి నాలుగడుగులు, 4 లక్షలు, అడుగుకి లక్షే. మామూలుగా నదిలో మట్టం పెరిగేకొద్దీ ఒక్కో అడుగుకీ అదనంగా పారే నీరు పెరుగుతూ పోవాలి కదా, ఇక్కడ తగ్గిందేం? గేట్లన్నీ ఎత్తేశాక బ్యారేజీ దగ్గర మట్టం దేన్ని చూపిస్తుంది, ఈ మూడు అంకెల్నీ కలిపి రేటింగ్ కర్వ్ (ఏ మట్టం దగ్గర ఎంత నీరు పారుతుందో చూపే గీత) గీసేయొచ్చా, ఏ డేటా ఉంటే మీ జవాబు నిలబడుతుంది? ఇది పీజీ ప్రశ్న.

డిగ్రీ వాళ్లూ పీజీ వాళ్లూ తమ జవాబుల్ని ఒకే గదిలో ఒకరికొకరు చెప్పుకోవాలి, అది మాత్రం వదలకండి. 3 క్రెడిట్లంటే 45 గంటలు, అందులో ఆరు గంటలు నేను దీనికే ఉంచుతాను. ఒకసారి పీజీ కుర్రాడు బోర్డు మీద హెచ్చరికల గురించి చెబుతుంటే లంక నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి లేచి, "రెండో హెచ్చరిక దాకా ఎందుకండీ, అంతకుముందే మా కాజ్‌వే మునిగిపోద్దండి, పడవెక్కాల్సిందే" అంది. ఆ కుర్రాడు తన ప్రశ్నలోకి కాజ్‌వే ఎత్తు కూడా తెచ్చుకున్నాడు. ఆ రోజు నాకు భలే సంతోషమేసింది. అలాగని పీజీ వాళ్లని డిగ్రీ వాళ్లకు జీతంలేని ట్యూటర్లుగా వాడుకోవద్దు, వాళ్లూ నేర్చుకోవడానికే ఫీజు కట్టారు.

ఈ వారం మీ పని: మీ సబ్జెక్టులోంచి ఒక చిన్న పట్టిక తీసుకుని దాని మీద రెండు ప్రశ్నలు రాయండి. తర్వాత, మీ పీజీ ప్రశ్నని డిగ్రీ విద్యార్థికిచ్చి ఇంకో వారం టైమిస్తే చేసేయగలడా అని చూసుకోండి. చేసేయగలిగితే మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో రెండు జవాబులకీ మార్కులు ఎలా వేయాలో చూద్దాం.