అర్ధరాత్రి రెక్కల చప్పుడు

ఎవరో వదిలేసిన కాక్‌టీల్ అనే చిన్న పెంపుడు చిలుకని కాపాడినాయన ఒకరు, అనంతపురంలో మా ఇంటికి తెచ్చిచ్చారు. (రామచిలుక కాదు, దాన్ని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇది ఆస్ట్రేలియా జాతి.)

పగలంతా ఓ మూల నక్కి ఉండేది. అసలు టెన్షన్ రాత్రిళ్లు. ఒంటిగంటకో రెండింటికో ఉన్నట్టుండి పంజరంలో దబదబా కొట్టుకునేది. లైటు వేసి చూస్తే తల మీది కుచ్చు నిక్కబొడుచుకుని ఉంది, అడుగున బూడిదరంగు ఈకలు, ఒకదాని మొదట్లో రక్తం. మా అత్త దిష్టి కూడా తీసింది.

పిల్లి పనేమో అనుకున్నాం. కాదు. ఈ జాతికి చీకట్లో బెదురు ఎక్కువ. వీధిలో పోయే బండి లైటు గోడ మీద పాకినా చాలు. పంజరాన్ని కిటికీ దగ్గర నుంచి తీసి గోడవారగా పెట్టి, రాత్రంతా జీరో బల్బు వేసి ఉంచాం. ఆ రాత్రే గోల తగ్గింది.

మచ్చికయింది మాత్రం కొర్ర కంకితో. రోజూ కంకి పట్టుకుని, చెయ్యి తిమ్మిరెక్కేదాకా కదలకుండా కూర్చునేవాణ్ణి. మూడో వారంలో ఒక కాలు నా వేలి మీద పెట్టింది, రెండోది పుల్ల మీదే ఉంచుకుని!

నాన్‌స్టిక్ పెనం ఇంట్లోంచి తీసేశాం. అది మాడితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుంది.