చిత్రకారుడి ఉత్తరాలు చదివే పద్ధతి

విన్సెంట్ వాన్ గో తన తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలను మొదటి పేజీ నుంచి వరుసగా చదవవలసిన పని లేదు. నెదర్లాండ్స్‌లోని నూనెన్ గ్రామంలో 1885లో ఆయన ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ చిత్రం వేస్తున్న నాటి ఉత్తరాలతో ప్రారంభించి, ఆ బొమ్మను పక్కనే పెట్టుకోండి. పళ్లెంలోకి చాస్తున్న ఆ చేతులే నేలను తవ్వాయని చూపడం తన ఉద్దేశమని ఆయన చెప్పిన చోట ఆగి, దీపం కింద ఎముకలు తేలిన వేళ్లను, మట్టిరంగు ముఖాలను నిదానంగా చూసిన తరువాతే ముందుకు సాగండి. రంగుల పేర్లు వచ్చినప్పుడల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే, 1888లో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ చేరాక పసుపు, నీలం ఎంతగా వెలిగాయో మీకే తెలుస్తుంది. ఆయన అనారోగ్యంపై వచ్చిన వ్యాఖ్యానాలను చివరికి అట్టిపెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం; ముందే చదివితే ప్రతి గీతలోనూ జబ్బే కనిపిస్తుంది, పని కనిపించదు. రోజుకు రెండు ఉత్తరాలు చాలు.