సోలార్, విండ్ ప్రాజెక్టులో డబ్బు పెట్టే ముందు ఏ కాగితం ముందు చదవాలి

ప్రభుత్వం భూమో, లైనో, చెల్లింపు హామీయో ఇస్తుంది. ప్రైవేటు సంస్థ అప్పు తెచ్చి ప్లాంటు కడుతుంది. ఆ తర్వాత పాతికేళ్ల పాటు కరెంటు అమ్మి అప్పు తీరుస్తుంది. దక్షిణాసియాలో పెద్ద సోలార్, విండ్ ప్రాజెక్టులు చాలావరకు ఈ అమరికలోనే నడుస్తున్నాయి. మీరు వాటా కొనబోతున్నా, అప్పు ఇవ్వబోతున్నా, సివిల్ పనుల సబ్‌కాంట్రాక్టు తీసుకుని బిల్లులు వస్తాయా రావా అని ఆలోచిస్తున్నా, పరిశీలించాల్సిన కాగితాలు అవే. చాలామంది ఎండ ఎంత, ప్యానెల్ ఏ కంపెనీది అన్న దగ్గర మొదలుపెడతారు. ఆ వరుసను తిరగేయండి. ముందు కొనేవాడిని చూడాలి, తర్వాత లైను, ఆపైన భూమి. ఎండ సంగతి చివర చూసుకోవచ్చు.

ముందుగా ఒక లెక్క

50 మెగావాట్ల సోలార్ ప్లాంటు అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీ ప్రాజెక్టు అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. ఏడాదికి 8,760 గంటలు. సామర్థ్య వినియోగం, అంటే సీయూఎఫ్, 25 శాతమైతే 10.95 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్ 2.60 రూపాయల చొప్పున రాబడి 28.47 కోట్లు. ప్లాంటు ఖర్చు 200 కోట్లలో 150 కోట్లు అప్పు, 9 శాతం వడ్డీ, 18 ఏళ్ల గడువు అనుకుంటే ఏటా కట్టాల్సిన కిస్తీలు 17.1 కోట్లు. నిర్వహణకు రెండున్నర కోట్లు తీసేస్తే చేతిలో మిగిలేది దాదాపు 26 కోట్లు. దాన్ని 17.1తో భాగిస్తే 1.52. బ్యాంకులు అడిగే డీఎస్‌సీఆర్ అంటే ఇదే.

ఇప్పుడు ఎండ తగ్గి ఉత్పత్తి 7 శాతం పడిపోయిందనుకోండి. రాబడిలో 2 కోట్లు పోతాయి, నిష్పత్తి 1.40కి దిగుతుంది. లాభం తగ్గుతుంది కానీ కిస్తీ ఆగదు. అదే మీ కరెంటు కొనే పంపిణీ సంస్థ, అంటే డిస్కం, ఆరు నెలల బిల్లు ఆపితే? 14.2 కోట్లు బయట ఇరుక్కుంటాయి. అది పది నెలల కిస్తీకి సమానం. ఎండ బాగా కాసినా ప్లాంటు బ్యాంకు దగ్గర మొండిబాకీగా మారేది ఇలాగే. ఏ కాగితం ముందు చదవాలో ఈ లెక్కే చెబుతుంది.

కొనేవాడు

పీపీఏ, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందం మీద ఎవరి సంతకం ఉందో చూడండి. కేంద్ర ప్రభుత్వ సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ (సెకీ) వంటి మధ్యవర్తి సంస్థ సంతకం ఉంటే అక్కడితో ఆగకండి. సెకీ కొన్న కరెంటును డిస్కంకు అమ్మే ఇంకో ఒప్పందం ఉంటుంది, దాన్ని పీఎస్ఏ అంటారు. అది కూడా జరిగిందా, విద్యుత్ నియంత్రణ మండలి ఆ టారిఫ్‌ను (యూనిట్ ధరను) విద్యుత్ చట్టం 63వ సెక్షన్ కింద ఆమోదించిందా అని అడగాలి. బిడ్ గెలిచినట్టు ఇచ్చే లెటర్ ఆఫ్ అవార్డు ఒక్కటే చూసి భూమి కొనడం మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు ఇబ్బందుల్లో ఉన్నారు. 2025 నాటికి మన దేశంలో 40 గిగావాట్లకు పైగా ప్రాజెక్టులు అవార్డు అయ్యాక కూడా కొనుగోలు ఒప్పందం లేకుండా నిలిచిపోయాయి.

డిస్కం చెల్లింపుల చరిత్ర చూడటానికి కేంద్రం నడిపే ప్రాప్తి పోర్టల్ ఉంది. ఏ డిస్కం ఎంత బాకీ పడిందో అందులో తెలుస్తుంది. కేంద్ర విద్యుత్ శాఖ ఏటా విడుదల చేసే డిస్కంల రేటింగ్ కూడా పక్కన పెట్టుకోండి. 2022 జూన్‌లో వచ్చిన ఆలస్య చెల్లింపు సర్‌చార్జి నిబంధనల తర్వాత పరిస్థితి మెరుగుపడింది. గడువు దాటినా కట్టని డిస్కంకు విద్యుత్ ఎక్స్ఛేంజీలో కరెంటు కొనే వీలు ఆగిపోతుంది కాబట్టి, డిస్కంలు పాత బాకీలను వాయిదాల్లో తీర్చడం మొదలుపెట్టాయి. అయినా పాత రికార్డు చూడకుండా ముందుకు వెళ్లకండి.

ఆ తర్వాత చెల్లింపు భద్రత. మూడు అంచెలు ఉండాలి: రివాల్వింగ్ ఎల్‌సీ (డిస్కం కట్టకపోతే దాని బ్యాంకు చెల్లించే, వాడాక మళ్లీ నిండే లెటర్ ఆఫ్ క్రెడిట్), చెల్లింపు భద్రతా నిధి, రాష్ట్ర ప్రభుత్వ హామీ. ఒక నెల బిల్లుకు సరిపడా ఎల్‌సీ మాత్రమే ఉందంటే మన లెక్కలో అది 2.37 కోట్లు, నెలన్నర కిస్తీకి కొంచెం ఎక్కువ. మధ్యప్రదేశ్‌లోని రీవా 750 మెగావాట్ల పార్కు ఈ విషయంలో చదవదగ్గ నమూనా. సెకీ, ఆ రాష్ట్ర ఊర్జా వికాస్ నిగమ్ చెరి సగం వాటాతో పెట్టిన సంస్థ పార్కును కట్టింది, మూడు 250 మెగావాట్ల యూనిట్లను ప్రైవేటు సంస్థలు కట్టాయి. 2017 ఫిబ్రవరి వేలంలో మొదటి ఏడాది టారిఫ్ 2.97 రూపాయలు పలికింది. అంతకు రెండేళ్లు కూడా కాకముందు, 2015 నవంబరులో, కర్నూలు సోలార్ పార్కులో 4.63 పలికితేనే అందరూ ఆశ్చర్యపోయారు. ప్యానెల్ ధరలు పడిపోవడం ఒక కారణమైతే, రీవాలో ఎల్‌సీ, నిధి, రాష్ట్ర హామీ మూడూ ఉండటం మరో కారణం. భయం తగ్గితే బిడ్డర్ అడిగే లాభం కూడా తగ్గుతుంది. ప్రభుత్వం హామీ ఇవ్వడానికి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు, దాని వల్ల ప్రజల కరెంటు బిల్లు మాత్రం తగ్గుతుంది. ప్రభుత్వం వైపు కూర్చుని టెండర్ రాసేవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. హామీ తీసేస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపించింది. 2024 చివర్లో పిలిచిన సోలార్ టెండర్లలో ప్రభుత్వ హామీ ఒప్పందాన్ని తీసేశారు, బిడ్లు పలచగా వచ్చాయి.

సంతకం అయిన ఒప్పందాన్నీ తిరగదోడవచ్చు. 2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 63తో పాత విండ్, సోలార్ పీపీఏల ధరలను మళ్లీ బేరమాడటానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కేసు హైకోర్టుకు చేరింది. మధ్యంతరంగా విండ్‌కు 2.43, సోలార్‌కు 2.44 రూపాయల చొప్పున మాత్రమే చెల్లించమన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఉత్పత్తిదారుల వైపు తీర్పు చెప్పి, బకాయిలు ఆరు వారాల్లో కట్టమంది. గెలిచారు, నిజమే. కానీ మధ్యలో దాదాపు రెండున్నరేళ్ల పాటు పాత టారిఫ్ మీద లెక్కగట్టిన కిస్తీలను తగ్గించిన రేటుతో కట్టాల్సి వచ్చింది. అందుకే చట్టపరంగా గెలుస్తామా అన్నదొక్కటే సరిపోదు, గెలిచే దాకా నిలబడే నగదు ఉందా అని కూడా చూడాలి. కనీసం ఆరు నెలల కిస్తీకి సరిపడా రిజర్వు ఖాతా లేని ప్రాజెక్టులో పెట్టుబడి పెట్టకపోవడమే మేలు.

రద్దు క్లాజును విడిగా చదవండి. 2017 ఆగస్టు నాటి సోలార్ బిడ్డింగ్ మార్గదర్శకాల్లో, కొనేవాడి తప్పు వల్ల ఒప్పందం రద్దయితే మిగిలిన అప్పు మొత్తం, దాంతోపాటు సవరించిన ఈక్విటీకి (యజమానుల సొంత పెట్టుబడికి) 150 శాతం చెల్లించి ప్లాంటును తీసుకోవాలన్న నిబంధన పెట్టారు. మీ పీపీఏలో ఆ వాక్యం ఉందా, లేక ఆరు నెలల బిల్లు పరిహారంతో సరిపెట్టారా అన్నది తేల్చుకోండి.

నేపాల్ జలవిద్యుత్తులో ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. అక్కడ 'టేక్ ఆర్ పే' ఒప్పందమైతే కరెంటు తీసుకోకపోయినా డబ్బు కట్టాలి. 'టేక్ అండ్ పే' అయితే తీసుకున్నంతకే. 2025 మే బడ్జెట్‌లో నదీ ప్రవాహ ప్రాజెక్టులన్నిటికీ (పెద్ద జలాశయం లేకుండా పారే నీటితో నడిచేవి) రెండో పద్ధతి పెడతామనగానే ఉత్పత్తిదారులు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వానాకాలంలో మిగులు, నదులు తగ్గే చలికాలంలో కొరత ఉండే చోట ఈ ఒక్క మాటతో బ్యాంకు అప్పు ఇచ్చేదీ ఇవ్వనిదీ తేలిపోతుంది.

లైను

సోలార్ ప్లాంటు ఏడాది, ఏడాదిన్నరలో లేస్తుంది. 400 కేవీ లైను, సబ్‌స్టేషన్ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆలస్యాలన్నీ ఈ తేడాలోంచే పుడతాయి. కనెక్టివిటీ మంజూరు పత్రం చూసి సంతృప్తి పడకుండా మూడు సంగతులు అడగండి. ఏ సబ్‌స్టేషన్‌లో ఏ బే (మీ లైను తగిలించే చోటు) కేటాయించారు? ఆ సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే లైను ఇప్పటికే ఉందా, కడుతున్నారా? కడుతుంటే ఎన్ని టవర్లకు పునాది పడింది, దారి హక్కు తగాదాలు ఏ ఊళ్లో మిగిలాయి? మూడో ప్రశ్నకు కాగితం మీద జవాబు దొరకదు. మనిషిని పంపి లైను పొడవునా చూసి రమ్మనండి.

అనుకోని చోట నుంచి కూడా అడ్డం వస్తుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్ట తిరిగే ప్రాంతాల్లో లైన్లు భూగర్భంలో వేయాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో దాన్ని సవరించే దాకా చాలా ప్రాజెక్టుల లెక్కలు గాలిలోనే ఉన్నాయి.

అంతర్రాష్ట్ర ప్రసార చార్జీల మాఫీ తేదీ కూడా చూసుకోవాలి. 2025 జూన్ 30 లోపు ప్రారంభమైన సోలార్, విండ్ ప్రాజెక్టులకు పూర్తి మాఫీ ఉంది. ఆ తర్వాత ఏటా 25 శాతం చొప్పున చార్జీ పెరుగుతుంది. లైను ఆలస్యమై ప్రారంభ తేదీ ఒక మెట్టు దాటితే కొనేవాడికి మీ కరెంటు ఖరీదవుతుంది, వాడు వెనకాడతాడు.

భూమి

మెగావాట్‌కు 4 నుంచి 5 ఎకరాలు లెక్క వేసుకోండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఇంకా పడుతుంది. 1,000 మెగావాట్ల కర్నూలు పార్కుకు సుమారు 5,900 ఎకరాలు పట్టింది. తెలుగు రాష్ట్రాల్లో అయితే ప్రతి సర్వే నంబరుకు అడంగల్ లేదా పహాణీ, 1-బి, ముప్పై ఏళ్ల ఈసీ (లావాదేవీల వివరం), ఎఫ్ఎంబీ (కొలతల పటం) తీసుకోవాలి. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉందేమో చూడాలి. అసైన్డ్ భూమి అని తేలితే, 1977 చట్టం కింద బదిలీకి ఉన్న ఆంక్షలు ఇప్పుడు ఏ మేరకు వర్తిస్తాయో లాయరు రాతపూర్వకంగా చెప్పాలి. బ్రోకర్ మాట మీద వెళ్లకూడదు. వెయ్యి ఎకరాల మధ్యలో రెండెకరాలు చిక్కుపడినా కేబుల్ ట్రెంచ్ వంకర తిరుగుతుంది.

కొనడం కన్నా లీజు మంచిదన్న అభిప్రాయానికి కర్ణాటకలోని పావగడ పార్కు బలం ఇచ్చింది. దాదాపు 13,000 ఎకరాలను రైతుల నుంచి 28 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పాతికేళ్ల పీపీఏకి 28 ఏళ్ల లీజు ఎందుకంటే, కట్టడానికీ చివర్లో విప్పి నేల అప్పగించడానికీ సమయం కావాలి. లీజు పత్రం రిజిస్టర్ కావాలి, పెంపు ఎప్పుడు ఎంతో అంకెల్లో ఉండాలి. కౌలుదారుల, కూలీల సంగతి లీజులో ఉండదు. భూయజమానికి అద్దె వస్తుంది, ఆ పొలంలో పని చేసుకుని బతికినవాడికి ఏమీ రాదు. గొడవ అక్కడే మొదలవుతుంది. వాళ్లకు ప్లాంటులో పని, మేత కోసం దారి ముందే రాసి పెట్టడం న్యాయం, ప్రాజెక్టుకూ మంచిది. నేపాల్‌లో 456 మెగావాట్ల అప్పర్ తమాకోశీ కట్టినప్పుడు 10 శాతం షేర్లు దోలఖా జిల్లావాసులకు కేటాయించారు. ఊరివాళ్లను వాటాదారులు చేసే ఆ పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు, రావాలి.

శ్రీలంకలో మన్నార్, పూనరిన్ 484 మెగావాట్ల విండ్ ప్రాజెక్టుకు యూనిట్ 8.26 అమెరికన్ సెంట్ల టారిఫ్ ఖరారైంది. వలస పక్షుల దారి అని మన్నార్‌లో వ్యతిరేకత వచ్చింది, కేసులు పడ్డాయి, కొత్త ప్రభుత్వం ధర తగ్గించమంది. 2025 ఫిబ్రవరిలో పెట్టుబడిదారు తప్పుకున్నాడు. పోటీ వేలం లేకుండా కుదిరిన ధరను తర్వాత వచ్చే ప్రభుత్వం ప్రశ్నించడం సహజం. వేలంలో వచ్చిన ధరకు అలాంటి ప్రశ్నల నుంచి రక్షణ ఎక్కువ.

డాలరు, సుంకం

బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో టారిఫ్ తరచూ డాలరుకు కట్టి ఉంటుంది, శ్రీలంకలో మన్నార్ ధర కూడా సెంట్లలోనే ఖరారైంది. పెట్టుబడిదారుకు అది రక్షణలా కనిపిస్తుంది. 8 సెంట్ల యూనిట్ డాలరు 200 శ్రీలంక రూపాయలున్నప్పుడు 16 రూపాయలు, 2022 మధ్యలో 360 అయినప్పుడు 28.80. వినియోగదారుడి బిల్లు అంత వేగంగా పెరగదు కాబట్టి ఆ తేడా కరెంటు బోర్డు మీద పడుతుంది, అక్కడి నుంచి మీ బకాయిగా తిరిగొస్తుంది. స్థానిక కరెన్సీలో అప్పు దొరికే చోట అదే తీసుకోవడం నయం.

సుంకాల విషయంలో 'చట్టంలో మార్పు' క్లాజు చూడాలి. సోలార్ మాడ్యూళ్ల మీద 2018 జులైలో 25 శాతం సేఫ్‌గార్డ్ సుంకం, 2022 ఏప్రిల్ 1 నుంచి 40 శాతం కస్టమ్స్ సుంకం వచ్చాయి. బిడ్ గడువు తేదీ తర్వాత వచ్చిన మార్పుకే పరిహారం దొరుకుతుంది. ఎంత పెరిగితే టారిఫ్ ఎన్ని పైసలు పెరుగుతుందో సూత్రం ఒప్పందంలోనే ఉండాలి, అది వచ్చే దాకా వడ్డీ ఎవరిదో కూడా.

ఎండ, గాలి

దీనికి నిపుణుల నివేదిక ఉంటుంది. అందులో పీ50 (ఉత్పత్తి అంతకు మించడానికి సగం అవకాశమే ఉన్న అంకె) కాకుండా పీ90 (మించడానికి 90 శాతం అవకాశం ఉన్న అంకె) మీద డీఎస్‌సీఆర్ వేయమనండి. ఏడాదికి అర శాతం నుంచి 0.7 శాతం దాకా ప్యానెల్ క్షీణత, దుమ్ము నష్టం, కడగడానికి నీళ్లు ఎక్కడివి అన్నవి చూడండి. సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 25 డిగ్రీల పరీక్షా స్థాయితో పోలిస్తే 14 శాతం శక్తి తగ్గుతుంది. రాయలసీమ వేసవికి ఇది మామూలే.

కరెంటు మొదలయ్యాక

ప్రతి నెలా జాయింట్ మీటర్ రీడింగ్ మీద ఇరువైపులా సంతకం అయిన రోజునే బిల్లు పంపండి. గడువు తేదీ ఆ బిల్లు అందిన రోజు నుంచే లెక్కిస్తారు. ఎల్‌సీ ముగిసే తేదీకి రెండు నెలల ముందే పొడిగింపు అడగాలి. గడువు తీరిన ఎల్‌సీతో చాలా ప్లాంట్లు నడుస్తుంటాయి, బిల్లు ఆగిన రోజే ఆ సంగతి బయటపడుతుంది. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉత్పత్తి తగ్గించమన్నప్పుడు ఫోన్ మీద ఒప్పుకుని ఊరుకోకండి. 2021 మస్ట్-రన్ (తప్పక నడవనివ్వాల్సిన ప్లాంట్ల) నిబంధనల ప్రకారం గ్రిడ్ భద్రత కాకుండా ఇతర కారణాలతో తగ్గిస్తే పీపీఏ రేటుకు పరిహారం రావాలి. కానీ అది రావాలంటే ఏ పదిహేను నిమిషాల బ్లాకులో ఎంత తగ్గించమన్నారో, ఏ కారణం చెప్పారో, ఆ సమయంలో వాతావరణ కేంద్రం ఎండ ఎంత నమోదు చేసిందో మూడూ ఒకే పట్టికలో ఉండాలి. కంట్రోల్ రూములో ఉండే ఆపరేటరు షిఫ్టు దిగే ముందు ఆ పట్టిక నింపి మెయిల్ చేయడం డ్యూటీలో భాగంగా పెట్టండి. నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసింది నియంత్రణ మండలి ముందు నిలబడదు.