మీ కండ ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడం ఎలా?

నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. తెల్లారే ముందు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగు. అందుకే గ్రౌండ్‌లో పిల్లలు నన్ను పట్టుకుంటారు: "అన్నా, జీన్ టెస్టు చేయించుకుంటే మన కండ సంగతి తెలిసిపోతాదంట గదా?"

కొంత తెలుస్తుంది. ఏసీటీఎన్3 అనే జీన్ వేగంగా ముడుచుకునే కండ పోగుల్లో ఆల్ఫా యాక్టినిన్-3 అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఈ జీన్‌లో ఎక్స్ అనే రకం ఒకటుంది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ అదే వస్తే ఆ ప్రోటీన్ అసలు ఉండదు. ప్రపంచంలో ప్రతి ఐదారుగురిలో ఒకరు ఇలాంటివాళ్ళే, జబ్బేమీ కాదు. మారథాన్ పరుగెత్తినవాళ్ళలో ఎక్స్ రకం ఉన్నవాళ్ళకు కండ ఎక్కువ దెబ్బతిన్నట్టు స్పెయిన్ పరిశోధకులు 2017లో చూపించారు. కానీ ఏ ఒక్క జీనూ మొత్తం చెప్పలేదు. అలవాటు, ఎండ, నిద్ర కూడా లెక్కలోకి వస్తాయి. జీన్ రిపోర్టు చూసి "నువ్వు లాంగ్ రన్‌కి పనికిరావు" అనేవాణ్ణి నేనైతే నమ్మను.

డబ్బు పెట్టేదేదో సీకే పరీక్షకు పెట్టండి. సీకే అంటే క్రియాటిన్ కైనేజ్, కండలో ఉండే ఎంజైము, పోగులు చిట్లితే రక్తంలోకి వస్తుంది. వారం రోజులు గట్టి పరుగు లేకుండా ఉండి ఒకసారి రక్తం ఇవ్వండి, అది మీ మామూలు అంకె. సాధారణంగా 200 లోపు అంటారు గానీ, రోజూ పరుగెత్తేవాళ్ళకు దాన్ని దాటడం వింతేం కాదు. తర్వాత ఒక లాంగ్ రన్ అయిన 24 గంటలకు, మళ్ళీ 72 గంటలకు, అదే ల్యాబ్‌లో. ఒకే దూరం ఒకే వేగంతో పోయిన మీ జతగాడికంటే మీ అంకె ప్రతిసారీ బాగా పైకెక్కి, దిగడానికి రోజులు పడుతుంటే, మీ తత్వం అదన్నమాట. పిరుదుకు ఇంజెక్షన్ వేయించుకున్న మర్నాడు మాత్రం రాకండి, కండలోకి సూదిమందు ఎక్కినా సీకే పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంకో మాట. గట్టి పరుగు తర్వాత లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి, ఎందుకంటే అవి కండలో కూడా ఉంటాయి. అది చూసి లివర్ చెడిపోయిందని ఏడ్చినవాళ్ళున్నారు. కండతో సంబంధం లేని లివర్ ఎంజైము జీజీటీ మామూలుగా ఉంటే కండ మీదే అనుమానం పెట్టుకోవచ్చు.

సీకే అంకె ఎక్కువెక్కేవాళ్ళు దిగుడు జాగ్రత్తగా అలవాటు చేసుకోవాలి. నరసింహకొండ ఎక్కేటప్పుడు ఆయాసమే, కండకు దెబ్బ తగిలేది దిగేటప్పుడు. తొడ కండ బిగుసుకుని ఉండగానే సాగుతుంది గదా. మొదట కొద్ది దూరమే మెల్లగా దిగండి, నొప్పి పూర్తిగా పోయాకే మళ్ళీ. ఒకసారి దిగిన కండ కొన్ని వారాలపాటు రెండోసారి దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఎక్స్ రకం ఉన్నవాళ్ళకైనా ఇది పనిచేస్తుంది. కొండకు పోలేకపోతే స్టేడియం మెట్లు చాలు. నొప్పి వస్తుందేమోనని ముందే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మింగి రోహిణి ఎండలో పరుగెత్తకండి, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది.

జీన్ టెస్టు నిజంగా అవసరమయ్యేవాళ్ళు వేరే ఉన్నారు. చిన్నప్పటినుంచీ పరుగు మొదలైన కాసేపటికే కండలు పట్టేసేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌కు మత్తుమందు ఇచ్చినప్పుడు ఒళ్ళు కాలిపోయి ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు. వీళ్ళు ముందు డాక్టర్ని కలవాలి. ఇంట్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉంటే హిమోగ్లోబిన్ ఏ రకమో తేల్చే పరీక్ష (ఎలక్ట్రోఫోరెసిస్) కూడా చేయించుకోవాలి.

పరుగు తర్వాత మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా, అదే గంటలో ఆసుపత్రికి పోండి. "గట్టిగా పరుగెత్తాను సార్" అని మొదటి మాటగా చెప్పి, సీకే, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, పొటాషియం మూడూ చూడమని అడగండి.