ఏడాది సరుకు: ఏది బస్తాలో కొనాలి, ఏది కిలోల్లో కొనాలి

ఇంటి సరుకులను టోకున కొనదలచినవారు ముందుగా మూడు నెలలపాటు ఏ సరుకు ఎంత ఖర్చవుతున్నదో గోడ క్యాలెండరు మీద రాసుకోవాలి. బస్తా విప్పిన రోజున, డబ్బా అడుగంటిన రోజున ఆ తేదీ గడిలో ఒక ముక్క రాస్తే చాలు. నలుగురమున్న మా ఇంట్లో నెలకు 25 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, కిలోన్నర మినపగుళ్లు, అర కిలో చింతపండు అవుతున్నాయి. ఈ లెక్క తెలియని రోజుల్లో, ధర తగ్గిందని ఉగాదికి 10 కిలోల మినపగుళ్లు తెచ్చాను. శ్రావణ మాసం నాటికి నాలుగు కిలోలు మిగిలాయి. మూత తీసి చూస్తే గుళ్ల నిండా బెజ్జాలు, డబ్బా అడుగున బూడిదలాంటి పిండి. కొన్ననాడు మిగిలిన డబ్బు కంటే పారబోసిన పప్పు ఖరీదే ఎక్కువ.

ఎంత కొనాలో తేలాక ఎప్పుడు కొనాలన్నది చూడాలి. ఖరీఫ్ ధాన్యం నవంబరు, డిసెంబరు నెలల్లో మిల్లులకు చేరుతుంది. కొత్త కందిపప్పు సంక్రాంతి దాటాక బజారులో బాగా కనిపిస్తుంది. కొత్త చింతపండు, గుంటూరు యార్డుకు పోటెత్తే ఎండుమిర్చి, దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లకు వచ్చే పసుపు కొమ్ములు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో దొరుకుతాయి. ఈ మూడింటినీ ఏడాదికి సరిపడా అప్పుడే కొనడం మంచిది, ఎందుకంటే వాటిని ఆరబెట్టడానికి కావలసిన ఎండ కూడా ఆ వెంటనే వస్తుంది.

అసలు ఆదా బియ్యంలో ఉంది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని, పాత బియ్యం బాగా ఒదుగుతుందని అందరికీ తెలుసు. అందుకే పాతవాటికి కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువ పెడతాం. ఆ ఎక్కువ ధరలో చాలా భాగం వ్యాపారి గోదాములో సరుకు నిలవ ఉంచినందుకు మనం కట్టే అద్దె. ఇంట్లో తేమ తగలని మూల ఒకటి ఉంటే, డిసెంబరు, జనవరి నెలల్లో కొత్త బియ్యం నాలుగైదు బస్తాలు తీసుకుని, ఆరు నెలలు కదపకుండా ఉంచి, ఆ తరువాత వాడుకోవచ్చు. కొనేటప్పుడు సంచి మీది బొమ్మను పట్టించుకోకుండా, బీపీటీయా (సాంబ మసూరి), మరో రకమా, ఏ నెలలో మిల్లు పట్టించారు అని అడగాలి. గుప్పెడు బియ్యం అరచేతిలో రుద్ది, నూక ఎంత ఉందో, తవుడు ఎంత అంటుతున్నదో చూడాలి.

ధరను ఎప్పుడూ కిలోకు లెక్కగట్టాలి. 2022 జులై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న బియ్యం, పప్పు సంచులపై 5 శాతం జీఎస్టీ పడుతున్నది. 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చింది అందుకే. నూనెలోనూ ఇలాంటి చిక్కే ఉంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, 15 లీటర్ల డబ్బాలో 13.65 కిలోలే ఉంటుంది. 15 కిలోల డబ్బాతో దాని ధరను పోల్చి మోసపోకూడదు. హైదరాబాదులోని టోకు బజారైన బేగంబజారు దాకా వెళ్లి తెస్తే ఆటో కిరాయి కూడా ఇందులో కలపాలి. కిలోకు 6 రూపాయల తేడా ఉన్నా, 26 కిలోల మీద మిగిలేది 156 రూపాయలు. ఒక్క బస్తా కోసం ఆటోకు 150 ఇస్తే చేతికి వచ్చేది 6 రూపాయలే.

నిలవ చేసేటప్పుడు బస్తాలను చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి. సిమెంటు నేల నుంచి చెమ్మ లాగి అడుగు బియ్యం ముక్కిపోతుంది. పప్పులను మంచి ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. బియ్యాన్ని మాత్రం నీడలోనే ఆరబెట్టాలి, మండుటెండలో గింజ పగిలి నూకవుతుంది. కందిపప్పుకు మా అమ్మమ్మ ఆముదం పట్టించేది: అరచేతులకు నాలుగు చుక్కలు రాసుకుని, చాటలో పప్పును మెరుపు వచ్చేదాకా రుద్దేది. ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేసినా పురుగు తగ్గుతుంది. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లోకి రానివ్వకూడదు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు ప్రాణాలు తీస్తుంది.

బొంబాయి రవ్వ, శనగపిండి, గోధుమపిండి ఎంత చవకగా వచ్చినా నెలకు మించి కొనవద్దు. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూనె గుణం ఉన్నవి కనుక త్వరగా చేదెక్కుతాయి.

కందిపప్పు బస్తా ఒక ఇంటికి ఎక్కువనిపిస్తే, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు కలిసి కొని, కొట్టులోనే కాటా మీద తూయించుకుని పంచుకోవచ్చు. మేము మూడిళ్లవాళ్లం అలాగే చేస్తున్నాం. బస్తా అడుగున మిగిలే పొట్టు, నూక మాత్రం ఆవు ఉన్న ఇంటికి వెళుతుంది.