ఫైనల్ ఫాంటసీ 8: మధ్యలో వదిలేసినవాళ్లు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి

కర్నూలు సీ క్యాంపు దగ్గర నాదొక చిన్న నెట్ సెంటర్. సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చే పిల్లల్లో ఫైనల్ ఫాంటసీ లాంటి పాత వీడియో ఆటలంటే ఇష్టపడేవాళ్లు కొందరున్నారు. "అన్నా, ఏడోది అయిపోయింది, ఎనిమిదోది వద్దంట కదా?" అని అడుగుతుంటారు. వద్దని ఎవరు చెప్పారంటే, నాలుగైదు గంటలు ఆడి విసుగొచ్చి ఆపేసిన స్నేహితుడే అయ్యుంటాడు. ఈ సిరీస్‌లో ఇంత గొడవ పెట్టిన ఆటలు తక్కువ. నాకైతే ఇది ప్రాణం. అయితే దీన్ని ఏడోదాన్ని ఆడినట్టు ఆడితే నిజంగానే విసుగొస్తుంది. ఇది కోరే పద్ధతి వేరు.

ఆట 1999 ఫిబ్రవరిలో జపాన్‌లో ప్లేస్టేషన్ మీద, నాలుగు డిస్కుల్లో వచ్చింది. 2019లో రీమాస్టర్, అంటే మెరుగులు దిద్దిన కొత్త రూపం వచ్చింది, 2021లో ఫోన్లకూ వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రీమాస్టరే తీసుకోండి. అందులో ఆటను మూడింతల వేగంతో నడిపే సదుపాయం ఉంది, దారిలో శత్రువులు ఎదురుకాకుండా చేసుకునే సదుపాయమూ ఉంది. మొదటిది హాయిగా వాడండి. రెండోదాన్ని మాత్రం మొదటి డిస్కులో, అంటే కథ మొదటి భాగంలో ముట్టుకోకండి. కార్డులూ మ్యాజిక్కూ శత్రువుల దగ్గరే దొరుకుతాయి మరి.

చాలామంది ఆపేసేది "డ్రా" దగ్గర. ఇక్కడ మ్యాజిక్‌కు ఎంపీ (మ్యాజిక్ పాయింట్లు) అంటూ ఏమీ లేదు. శత్రువు నుంచి మ్యాజిక్ లాక్కుని నిల్వ చేసుకోవాలి. మీ జట్టులో ఒక్కొక్కరు ఒక్కో మ్యాజిక్‌ను 100 దాకా దాచుకోవచ్చు. ఒకసారి లాగితే తొమ్మిదికి మించి రాదు. ముగ్గురికీ, అన్ని రకాలూ, వందేసి నింపాలని కూర్చుంటే ఒకే పురుగు ముందు అరగంట గడిచిపోతుంది. అలా చేయమని ఆట ఎక్కడా అడగదు. మొదట్లో కొంచెం కొంచెం లాగండి చాలు. మిగతాది "రిఫైన్" చూసుకుంటుంది, అంటే వస్తువుల నుంచి మ్యాజిక్ తయారు చేసుకోవడం.

దానికి ముందు జంక్షన్ సంగతి. బలం, ప్రాణం, రక్షణ, ఇలా ఒక్కోదానికి ఒక్కో మ్యాజిక్‌ను తగిలిస్తారు. నిల్వ ఎంత ఎక్కువుంటే మనిషి అంత గట్టిపడతాడు. ఆ మ్యాజిక్‌నే యుద్ధంలో వాడేస్తే నిల్వ తగ్గుతుంది, దాంతోపాటు బలమూ తగ్గుతుంది. బ్యాంకులో వేసిన డబ్బు అనుకోండి. వడ్డీతో బతకాలి, అసలు ముట్టకూడదు. దెబ్బలు నయం చేయడానికి క్యూర్ లాంటిది కావాలంటే, తగిలించని మ్యాజిక్‌ను విడిగా ఉంచుకుని వాడండి. లెక్కలు చూసుకునే ఓపిక లేకపోతే జంక్షన్ మెనూలో "ఆటో" ఉంది. దాడికి అనుకూలంగా పెట్టమంటే అదే సర్దేస్తుంది. మొదటి డిస్కుకు అది చాలు.

కథ మొదలయ్యే సైనిక బడి బాలంబ్ గార్డెన్‌లో తరగతి గదికి వెళ్లగానే, మన హీరో స్క్వాల్ డెస్క్ మీదున్న కంప్యూటర్ ఆన్ చేయండి. క్వెజకోటల్, శివ అక్కడ దొరుకుతాయి. ఇవి గార్డియన్ ఫోర్సులు, అంటే మనకు తోడుండే మాయాశక్తులు. ఇవి లేకపోతే జంక్షనే లేదు. క్వెజకోటల్ ఏం నేర్చుకోవాలో మెనూలో మీరే ఎంచుకోవచ్చు. ముందు "కార్డ్", తర్వాత "కార్డ్ మాడ్" పెట్టండి. ఈ ఆటకు నిజమైన తాళంచెవి ఇదే.

ఎందుకంటే ఇక్కడ లెవెల్ పెంచుకుంటే శత్రువుల లెవెల్ కూడా మీతోపాటే పెరుగుతుంది. వేరే ఆటల్లో గంటలకొద్దీ పోరాడి బలం తెచ్చుకునే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అందుకని శత్రువును దాదాపు చచ్చేదాకా కొట్టి, చివర్లో "కార్డ్" వాడి కార్డుగా మార్చేయండి. లెవెల్ పెంచే ఎక్స్‌పీరియన్స్ రాదు, గార్డియన్ ఫోర్సులు నేర్చుకోవడానికి కావాల్సిన ఏపీ (ఎబిలిటీ పాయింట్లు) మాత్రం వస్తుంది. మీకు కావాల్సిందీ అదే. బాస్‌లను, అంటే కథలో అడ్డొచ్చే పెద్ద శత్రువులను కొట్టినా లెవెల్ పెరగదు కాబట్టి వాటిని నిశ్చింతగా చంపండి. చేతికొచ్చిన కార్డులను కార్డ్ మాడ్‌తో వస్తువులుగా మార్చుకుని, వాటి నుంచి మ్యాజిక్ తీయండి.

ఒక్క ఉదాహరణ చెప్తాను, పద్ధతి అర్థమైపోతుంది. డాలెట్ అనే ఊళ్లో టవర్ మీద ఎల్వోరెట్ అనే బాస్ వస్తుంది. దాని డ్రా జాబితాలో సైరెన్ అనే గార్డియన్ ఫోర్స్ ఉంటుంది, కొట్టే ముందే లాగేయండి. తర్వాత సైరెన్‌కు లైఫ్ మ్యాజిక్ రిఫైన్ నేర్పండి. షాపులో 1000 గిల్‌కు (ఆటలో డబ్బు) దొరికే టెంట్ ఒక్కటి పది "క్యూరగా" మ్యాజిక్‌లుగా మారుతుంది. పది టెంట్లు కొంటే వంద. ఆ వందా ప్రాణానికి తగిలిస్తే, మొదటి డిస్కులోనే మీ మనిషికి 2000కు పైగా ప్రాణం కలుస్తుంది. దీనికి డ్రా చేస్తూ కూర్చునే పని అసలు లేదు.

డబ్బు ఎక్కడిదంటారా? ఇక్కడ శత్రువులు చచ్చినా పైసా రాల్చరు. సీడ్ అంటే గార్డెన్ తయారుచేసే కిరాయి సైన్యం, స్క్వాల్ అందులో చేరతాడు. ఆ ఉద్యోగానికి జీతం వస్తుంది, నడుస్తూ ఉంటే పడుతుంటుంది. ర్యాంకు పెంచుకోవడానికి మెనూలో పరీక్షలున్నాయి. ఒక్కోదాంట్లో పది ప్రశ్నలు, అవును కాదు అనేవే, పదీ కరెక్టవ్వాలి. స్క్వాల్ లెవెల్ ఎంతో అంతవరకే రాయనిస్తారు. సీడ్ అయిన రోజే కూర్చుని రాసేయండి. మన దగ్గర గ్రూప్స్‌కు చదివే పిల్లలైతే దీన్ని పది నిమిషాల్లో ముగిస్తారు.

కార్డు ఆట గురించి చెప్పకుండా ఉండలేను. ట్రిపుల్ ట్రయాడ్ కోసమే ఈ ఆటను మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు. మూడు వరసలు, తొమ్మిది గళ్లు, చెరో ఐదు కార్డులు. కార్డుకు నాలుగు వైపులా అంకెలు, ఒకటి నుంచి తొమ్మిది, పదికి బదులు "A" అక్షరం. పక్కన పెట్టిన కార్డు అంకె కంటే మీ అంకె పెద్దదైతే అది మీ రంగులోకి తిరుగుతుంది. బలమైన అంకెలు రెండు పక్కపక్కనే ఉన్న కార్డును మూల గడిలో, ఆ అంకెలు లోపలికి చూసేట్టు పెట్టండి. బలహీనమైన వైపులు గోడకు ఆనుకుంటాయి, వాటిని ఎవరూ తాకలేరు. గార్డెన్ వరండాలో గుండ్రంగా పరుగెత్తే పిల్లాడు ఒకడుంటాడు. వాణ్ని ఆపి ఆడండి, వాడి దగ్గర మంచి కార్డుంది. బాలంబ్‌లో ఎదుటివాడి కార్డులు కనబడతాయి కాబట్టి నేర్చుకోవడానికి అదే చోటు. ఒకటే జాగ్రత్త. వేరే ఊరికి వెళ్లాక రెండు ఊళ్ల రూల్స్ కలిపి ఆడదామని అడుగుతారు, వద్దనండి. "రాండమ్" అనే రూల్ మీరు ఆడే ఊరికి పాకిందంటే చేతికి ఏ కార్డులొస్తాయో మీ చేతుల్లో ఉండదు.

యుద్ధంలో స్క్వాల్ కత్తి తగిలే క్షణానికి సరిగ్గా ఆర్1 బటన్ నొక్కండి. ఆ కత్తి గన్‌బ్లేడ్, అంటే తుపాకీ కలిపిన కత్తి. అది పేలుతుంది, దెబ్బ పెద్దదవుతుంది. ఆ టైమింగ్ వేలికి అలవాటైతే మామూలు దాడి కూడా ఎంత హాయిగా ఉంటుందో చూడండి.

కథ మీద కోపమున్నవాళ్ల మాట కూడా వినాలి. స్క్వాల్ ముభావి, ఎవరేం అడిగినా ముక్తసరిగా జవాబిస్తాడు. "వీడేం హీరో అన్నా" అంటారు మా పిల్లలు. వాడు బయటికి అనని మాటలను ఆట బ్రాకెట్లలో చూపిస్తుంది, అవి వదలకుండా చదవండి. పదిహేడేళ్ల వాడి భయం అంతా అక్కడే ఉంది. రెండో డిస్కులో బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర వచ్చే మలుపు మాత్రం హడావుడిగా తోసేసినట్టుంటుంది, ఆ విమర్శ న్యాయమే. జంక్షన్‌ను ఆట సరిగా నేర్పదన్నదీ నిజమే. వందల కొద్దీ మాటలు ఒక్కసారే మీద పోస్తుంది, తప్పు ఆడేవాడిది కాదు.

ఇక చివరి జాగ్రత్తలు. గార్డెన్ హెడ్‌మాస్టర్ సిడ్ ఇచ్చే మ్యాజికల్ ల్యాంప్‌ను సేవ్ చేసుకున్నాకే వాడండి, అందులోంచి వచ్చే డయాబ్లోస్ గట్టిగా కొడుతుంది. ప్రతి బాస్ దగ్గరా డ్రా జాబితా తెరిచి చూడండి, గార్డియన్ ఫోర్సులు అక్కడ దాక్కుంటాయి. ఏదైనా వదిలేసినా టెన్షన్ పడకండి, అలా పోయినవాటికి చివరి కోటలో ఇంకో అవకాశముంది. నాలుగో డిస్కులో ఊళ్లు మూసుకుపోతాయి. షాపులో కొనాల్సిన టెంట్లు, ఊళ్లలో గెలవాల్సిన కార్డులు అన్నీ మూడో డిస్కు ముగిసేలోపే చూసుకుని, వేరే స్లాటులో ఒక సేవ్ ఉంచుకోండి.