ఇంగ్లీషు అలంకారాలను గుర్తుపట్టే చిట్కా

ఇంగ్లీషు చదివేటప్పుడు ఒక వాక్యానికి ముఖ్యార్థం, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం, పొసగడం లేదనిపిస్తే, నిఘంటువు తెరిచే ముందు ఆ మాటకు, అసలు విషయానికి మధ్య ఉన్న సంబంధం పోలికా, లేక సాహచర్యమా (రెండూ కలిసి ఉండటమా) అని ప్రశ్నించుకోవడం మంచిది.

‘ద కెటిల్ ఈజ్ బాయిలింగ్’ అన్న వాక్యాన్నే తీసుకుందాం. మరుగుతున్నది కెటిల్ కాదు, అందులోని నీరు. ఆ రెండింటికీ పోలిక లేదు, ఒకదానిలో మరొకటి ఉందంతే, కనుక ఇది మెటానమీ. మనం ‘ఊరంతా నిద్రపోయింది’ అన్నప్పుడు జరిగేదీ ఇదే. ఇలా ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధం ఉన్న మరో అర్థాన్ని తీసుకోవడాన్ని మన ఆలంకారికులు లక్షణ అన్నారు. ‘టైమ్ ఈజ్ ఎ థీఫ్’ అన్నప్పుడు మాత్రం కాలానికీ దొంగకూ మనకు తెలియకుండా తీసుకుపోయే గుణం సమానం; ఆ పోలికను ‘లైక్’ వంటి వాచకం, అంటే పోలికను తెలిపే మాట, లేకుండా రెండూ ఒకటే అన్నట్టు అభేదంగా చెప్పారు కాబట్టి అది మెటఫర్, అంటే మన రూపకానికి దగ్గరిది. వాచకం చేరిస్తే సిమిలీ, అంటే ఉపమ అవుతుంది.

అయితే ‘లైక్’ కనబడగానే సిమిలీ అని తీర్మానించకూడదు. పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. ‘షి లుక్స్ లైక్ హర్ మదర్’ అన్నది ఒకే జాతికి చెందిన ఇద్దరి మధ్య ఉన్న వాస్తవమైన పోలికే తప్ప అలంకారం కాదు.

ఇక ‘నాట్ బ్యాడ్’ వంటి లైటోటీస్‌లో వ్యతిరేకపదాన్ని నిరాకరించి మెచ్చుకోలు సూచిస్తారు. అక్కడ పలికిన స్వరాన్ని, సందర్భాన్ని బట్టే మెప్పు ఎంతో తేలుతుంది.